ముచ్చికలు తీసిన మిరపకాయలు

రెబ్కా సంచీ సర్దడం అది నాలుగోసారి. పొద్దున పోయి సాయంత్రానికి తిరిగొచ్చే ప్రయాణానికి రెండో చీర ఎందుకని తీసేసింది. తీసినచోట ఖాళీ కనబడితే మనసొప్పక మళ్లీ పెట్టింది. కళ్లజోడు, మంచినీళ్ల సీసా, పెరుగన్నం గిన్నె, వారపత్రికలోంచి కత్తిరించి దారంతో కుట్టుకున్న ఇరవై రెండు వారాల సీరియల్ కాగితాలు, వాటి అడుగున పాత పౌడరు డబ్బాలో ఏడు ఉత్తరాలు. ఆ డబ్బా తీసుకుపోవాలా వద్దా అన్నదగ్గరే ప్రతిసారీ చెయ్యి ఆగిపోతోంది.

పక్కింటి మస్తాన్‌బీ తయారై వచ్చి గుమ్మంలో కూర్చుని అరగంటయింది. చూసి చూసి ఇక పట్టలేకపోయింది.

"ఏందక్కా ఇది? మనం పొయ్యేది ఒంగోలుకా, హజ్‌కా?"

"బస్సు చెడిపోతేనో?"

"చెడిపోతే దిగి నడుద్దాం. కాకపోతే నీ సంచీ మోసుకుంటా నడవాలంటే మాత్రం నా వల్ల కాదు. దాన్ని అక్కడే వదిలేసి నిన్ను మోసుకొస్తా."

రెబ్కా నవ్వలేదు. డబ్బాను సంచీలోనే ఉంచి, మూతి బిగించకుండా వదులుగా ముడేసింది. ఆమె ఏ సంచీనీ గట్టిగా కట్టదు. ఎవరు ఎక్కడికి వెళుతున్నా, సంచీ మూతి కట్టే సమయానికి ఏదో పని కల్పించుకుని దొడ్లోకి పోతుంది. అరవై ఎనిమిదేళ్ల జీవితంలో ఆమె మనసుపెట్టి సర్దిన సంచీ ఒక్కటే. పెళ్లయిన రెండో ఏడు, 1937 ఫిబ్రవరిలో, మొగుడు జక్రయ్య మలయా దేశంలో రబ్బరు తోటల పనికి పోతుంటే సర్దింది. అప్పుడామెకు పంతొమ్మిది. మూడేళ్లకు తిరిగొస్తానన్నాడు. ఉత్తరాలు ఏడొచ్చాయి. నలభై ఒకటి డిసెంబరులో జపానువాళ్లు మలయా మీద పడ్డారు. ఆ తర్వాత ఉత్తరం లేదు, మనిషి లేడు, పోయాడన్న కబురూ లేదు.

రెబ్కాకి చదువొచ్చింది ఆ ఉత్తరాల వల్లే. మొదట్లో చర్చి బడి పంతులు వాటిని అరుగు మీద కూర్చుని పల్లెంతా వినేట్టు చదివేవాడు. 'నా ప్రియమైన రెబ్కాకు' అన్న మాట దగ్గర మగపిల్లలు కూతలేసేవాళ్లు. ఆ సిగ్గు తట్టుకోలేక, తన ఉత్తరం తనే చదువుకోవాలని, పొగాకు ఎండబెట్టే బేరన్‌లో ఆకు కట్టే పనికి పోతూ మధ్యాహ్నం అన్నం వేళ బొగ్గుతో అక్షరాలు దిద్దుకుంది. తప్పుల్లేకుండా చదవడం వచ్చేసరికి ఉత్తరాలు ఆగిపోయాయి. వచ్చిన చదువును ఏం చేయాలో తెలియలేదు. బైబిలు అయింది. సరుకులు కట్టిచ్చిన కాగితాలయ్యాయి. పాత పత్రికలు, గ్రంథాలయం బండి తెచ్చే పుస్తకాలు, చేతికి దొరికినవన్నీ అయ్యాయి. ఎవరూ చెప్పేవాళ్లు లేరు కాబట్టి మంచిదేదో కానిదేదో ఆమే తేల్చుకునేది.

నడుం సహకరించక మిరపకాయలు ఏరే పని మానుకున్నాక, యలమందయ్య గారి కల్లంలో ఆమెకు వేరే పని దొరికింది. ఎండిన కాయల రాశి చుట్టూ ఆడవాళ్లు కూర్చుని తాలుకాయ వేరు చేస్తూ, మిల్లుకు పోయే కాయకు ముచ్చికలు తీస్తూ ఉంటే, ఆమె పక్కన నులకమంచం మీద కూర్చుని వారపత్రిక చదివేది. చదివినందుకు మధ్యాహ్నం అందరి గిన్నెల్లోంచీ తలా ముద్ద.

ఆ పత్రికలో అనువాద కథలు ఎక్కువ వచ్చేవి. చైనావి, జపానువి, వియత్నాంవి, మనదేశం నుంచి పోయి ఎక్కడెక్కడో స్థిరపడ్డవాళ్లవి. ఒక జపాను కథలో ముసలాయన మూడు పేజీల పొడుగునా కిటికీలోంచి మంచు చూస్తూ కూర్చుంటాడు.

"ఆయనకి పనీపాటా లేదా?" అంది మస్తాన్‌బీ.

"పెళ్లాం పోయింది. ఆ బాధ."

"అయితే బాధ అని చెప్పొచ్చుగా. మంచెందుకు?"

అలా అన్న మస్తాన్‌బీయే మరుసటి వారం కాయలు దోసిట్లోకి తీసుకుంటూ, "ఆ మంచు ముసలాయన ఏమైండాడో" అంది. రెబ్కా దృష్టిలో ఆ కథకు అంతకు మించిన సమీక్ష లేదు. తినే తిండి పేరు రాయని కథను కల్లంలో ఎవరూ నమ్మేవాళ్లు కాదు. పనిచేసే చేతులు లేని కథకు నిద్రపోయేవాళ్లు. రెబ్కా ఈ సంగతులన్నీ పోస్టుకార్డు మీద రాసి పత్రికకు పంపేది. నాలుగైదు అచ్చయ్యాయి కూడా.

కిందటి వేసవి తర్వాత 'పాలచెట్ల లైన్లు' అనే సీరియల్ మొదలైంది. రాసినావిడ శివపార్వతి. మలయా రబ్బరు తోటలో కూలీల లైన్లలో, అంటే వరస గదుల్లో, పుట్టిన తెలుగువాళ్ల పిల్ల. ఇప్పుడు లండన్‌లో ఉంటుంది. తెలుగు మాట్లాడడం కొంచెం వచ్చుగానీ చదవడం రాదట. ఇంగ్లీషులో రాసింది. ఒంగోలు కాలేజీలో ఇంగ్లీషు చెప్పే సంజీవరావు దాన్ని తెలుగు చేశాడు. మలయా అన్న మాట చూడగానే రెబ్కా పత్రిక మూసేసి, రెండు రోజులు ముట్టుకోకుండా ఉండి, మూడో రోజు చదివింది.

తొమ్మిదో వారం కథలోకి ఒక మనిషి వచ్చాడు. పేరు లేదు. కథ చెప్పే చిన్నపిల్ల అతన్ని మిరపకాయ మామయ్య అంటుంది. కొత్తగా ఓడ దిగి లైన్లకు వచ్చాడు. చేతిలో గుడ్డసంచీ. 'అతని భార్య ముచ్చికలు తీసిన మిరపకాయలు పోసి సంచీ మూతి కుట్టింది' అని ఒకే ఒక వాక్యం ఉంది.

రెబ్కా ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివింది. కల్లంలో ఆడవాళ్లు గొల్లుమన్నారు.

ముచ్చిక అంటే మిరపకాయకు టోపీలా అతుక్కుని ఉండే తొడిమ. వెంటనే దంచి కారం పట్టే కాయకే ముచ్చిక తీస్తారు. నిలవ ఉండాల్సిన కాయకు తీయరు. తీస్తే తేమా పురుగూ ఆ కన్నంలోంచే దూరతాయి. ఇది ఆ నల్లరేగడి నేల మీద నడక నేర్చిన ప్రతి ఆడపిల్లకూ తెలుసు. ఓడెక్కి పోయేవాడికి ముచ్చికలు తీసిన కాయ కట్టిచ్చే మనిషి ఉంటుందా?

"ఎవత్తో తలతిక్కది" అంది ఒకామె.

"తలతిక్కది ఆమె కాదు, తెలుగులో రాసినోడు. ఆడు మిరపకాయ మొహం చూళ్లేదు" అని తేల్చేసింది మస్తాన్‌బీ. "అక్కా, రాయవే నువ్వు. కార్డు ముక్క రాసిపారెయ్. బుద్ధొస్తది."

అందరూ రాయమన్నారు. రెబ్కా రాసింది. 'మా ప్రాంతపు స్త్రీ ఎవరూ దూరప్రయాణానికి ముచ్చికలు తీసిన కాయ పెట్టదు. మూలంలో ఇలా ఉండి ఉండదు. అనువాదకులు తెలియక రాసినట్టుంది. దయచేసి సరిచూసుకోగలరు' అని. కానీ అలా పెట్టిన స్త్రీ ఒకతె ఉందని ఆమెకు తెలుసు. అది తనే.

ఊళ్లో ఆ సంగతి ఆమె అత్తకు తప్ప ఇంకెవరికీ తెలియదు. అత్త కూడా పోయి ముప్ఫై ఏళ్లు.

ఉత్తరం అచ్చయింది. మరో ఇద్దరు పాఠకులు దాన్ని పట్టుకుని సంజీవరావును ఎగతాళి చేస్తూ రాశారు. సీరియల్ పూర్తయి, నవల పుస్తకంగా రాబోతోందని, ఒంగోలు గ్రంథాలయంలో సమీక్ష సభ పెట్టామని, రెండో శనివారం తప్పక రావాలని రెబ్కాకు కార్డు వచ్చింది. కింద సంజీవరావు సొంత దస్తూరీతో ఒక ముక్క ఉంది: 'మూలం చదివి వినిపిస్తాను.'

ఆ ముక్క చదివినప్పటి నుంచి ఆమెకు అన్నం సహించడం లేదు. తప్పు అనువాదకుడిదైతే గొడవ లేదు. ఎప్పటిలాగే రోజులు గడిచిపోతాయి. తప్పు అతనిది కాకపోతే, ఇంగ్లీషు పుస్తకంలోనే అలా ఉంటే, శివపార్వతి అనే ఆ పిల్ల ఎక్కడో జక్రయ్య సంచీ చూసిందన్నమాట. అతను తర్వాత ఏమయ్యాడో కూడా ఆమెకు తెలిసి ఉంటుందన్నమాట.

ఏటా ఈస్టరు తెల్లవారుజామున సమాధుల దగ్గర పాస్టరుగారు నిద్రించినవాళ్ల పేర్లు చదువుతారు. దానికి నెల ముందు రెబ్కా దగ్గరికి వచ్చి, "అమ్మా, ఈ ఏడన్నా జక్రయ్యగారి పేరు చేర్చమంటారా?" అని మెల్లగా అడుగుతారు. ముగ్గురు పాస్టర్లు మారారు. ముగ్గురికీ ఆమె ఒకే జవాబు చెప్పింది. "ఈ ఏడుకి వద్దు అయ్యగారూ." ఈసారి అడిగినప్పుడు మాత్రం, "ఒంగోలు పోయొచ్చి చెబుతా" అంది.

*

బస్సు చెడిపోలేదు. ఇంకొల్లు దాటాక కిటికీల్లోంచి ఎండిన మిరప ఘాటు లోపలికొచ్చి జనం తుమ్మారు. రోడ్డుకు అటూ ఇటూ కల్లాలు ఎర్రగా పరుచుకుని ఉన్నాయి. మస్తాన్‌బీ ఒళ్లో సంచీ పెట్టుకుని దారిపొడుగునా గొణిగింది.

"ఇందులో ఏం పెట్టావే తల్లీ, తిరగలి పెట్టావా?"

"కాగితాలే."

"కాగితాలకింత బరువేందో. చదివినోళ్లకి తేలిగ్గా ఉంటాయేమో."

గ్రంథాలయం మేడ మీద పాతికమంది ఉంటారు. ఎక్కువమంది పంతుళ్లు. అధ్యక్షుడు అంకమ్మరావు పొగాకు వ్యాపారి. పుస్తకాలంటే ఇష్టమున్న మనిషి, మాట్లాడడమంటే అంతకన్నా ఇష్టమున్న మనిషి. రెబ్కాను చూడగానే లేచి వచ్చి ముందు వరసలో కూర్చోబెట్టాడు.

"ఈ పెద్దమ్మగారేనండీ మన మిరపకాయ విమర్శకురాలు!" అన్నాడు సభకు చూపిస్తూ. "మన సంజీవరావు ఇంగ్లీషులో ఉద్దండుడు. ఎవరూ కాదనరు. అయితే ఏం లాభం? మిరపకాయలో ఫెయిలయ్యాడు!"

సభ నవ్వింది. సంజీవరావు కూడా నవ్వడానికి ప్రయత్నించాడు. నలభై ఏళ్లుంటాయి. సన్నగా, కళ్ల కింద నల్లచారలతో, వారం రోజులుగా నిద్రలేనివాడిలా ఉన్నాడు. అతన్ని ఆ స్థితికి తెచ్చింది తనేనని రెబ్కాకు తోచి తలదించుకుంది. మస్తాన్‌బీ మాత్రం గర్వంగా నలుదిక్కులా చూసింది.

ముగ్గురు మాట్లాడారు. ఒకాయన పరాయి దేశాల సాహిత్యం మనకెందుకన్నాడు. ఇంకొకాయన అది పరాయిది కాదు, మనవాళ్లదే, మనకు తెలియకుండా పోయిన మన బతుకే అన్నాడు. మూడో ఆయన అనువాదం మూలంలాగా లేదన్నాడు గానీ మూలం తాను చదవలేదని ఒప్పుకున్నాడు. రెబ్కాకు ఏదీ చెవికెక్కలేదు. బల్ల మీద సంజీవరావు ముందున్న ఇంగ్లీషు పుస్తకం వైపే చూస్తూ కూర్చుంది. పచ్చ అట్ట. అందులో అక్కడక్కడా గుర్తుగా పెట్టిన కాగితం ముక్కలు.

సంజీవరావు లేచాడు.

"అమ్మా, మా అమ్మ కూడా కల్లంలో పనిచేసింది. ముచ్చిక సంగతి నాకు తెలుసు. ఆ వాక్యం దగ్గర నాకూ అనుమానమొచ్చింది. తిరగేసి తిరగేసి చూశాను. ఇంగ్లీషులో అలాగే ఉందండి. నేను చేసిన తప్పు వేరే. అక్కడ ఒక పేరా మొత్తం ఉంటే ఒక్క వాక్యానికి కుదించాను. పత్రికలో చోటు చాలదన్నారు. ఆ పేరా ఇప్పుడు చదువుతాను."

పుస్తకం తెరిచి, చూస్తూ, ఆగి ఆగి తెలుగులో చెప్పాడు.

"ఓడలో ఎనిమిది రోజులు, క్వారంటైన్‌లో వారం. లైన్లకు వచ్చి సంచీ విప్పితే కాయలు సగానికి సగం బూజు పట్టి ఉన్నాయి. ఒక్క కాయకూ ముచ్చిక లేదు. మగవాళ్లంతా విరగబడి నవ్వారు. నీ పెళ్లాం నిన్ను పక్క ఊరికి పంపుతున్నాననుకుందా అన్నారు. మామయ్య నవ్వలేదు, కోప్పడలేదు. దానికి పంతొమ్మిదేళ్లు అన్నాడు. అక్కడ నాకు ముచ్చికలు తీసుకునే తీరిక ఉండదనుకుంది. మూడు రోజులు కూర్చుని అన్నీ తనే తీసింది. వేళ్లు మండిపోయి అన్నం కలుపుకోలేకపోతే మా అమ్మ కలిపి తినిపించింది అన్నాడు."

మస్తాన్‌బీ రెబ్కా చెవిలో, "చూశావా అక్కా, నిజంగానే ఎవత్తో తలతిక్కది..." అనబోయి ఆగిపోయింది. రెబ్కా తన కుడిచేతి వేళ్లను ఎడమచేత్తో గట్టిగా పట్టుకుని ఉంది. ఎవరో ఇప్పుడే నిప్పు తాకించినట్టు.

"ఏమంటారమ్మా?" అన్నాడు అంకమ్మరావు హుషారుగా. "ఒప్పుకుంటారా, అప్పీలు చేసుకుంటారా?"

రెబ్కా కుర్చీ పట్టుకుని లేచింది.

"తప్పు అయ్యగారిది కాదండి" అంది. "ఆ ముచ్చికలు తీసింది నేనే."

వెనక వరసలో ఒకరు అది హాస్యమనుకుని నవ్వారు. ఆ నవ్వుకు తోడు రాలేదు. అంకమ్మరావు ఏదో అనబోయి, సంజీవరావు మొహం చూసి, కూర్చున్నాడు. సభ అక్కడితో ముగిసిందని ఎవరూ చెప్పలేదు గానీ అందరూ ఒక్కొక్కరే లేచి కింద టీ దగ్గరికి పోయారు.

*

మేడ మీద ముగ్గురే మిగిలారు. సంజీవరావు కుర్చీని రెబ్కా ఎదురుగా లాక్కుని కూర్చున్నాడు.

"ఆ మనిషి తర్వాత ఏమయ్యాడండి?" అంది రెబ్కా. "పదో వారం తర్వాత కథలో కనపళ్లేదు. నేను మళ్లీ మళ్లీ చూశాను."

"ఇరవై రెండు వారాల్లో ముగించమన్నారమ్మా. రెండు అధ్యాయాలు తీసేశాను. అతని కథ అందులో ఉంది. పుస్తకంలో కూడా... పుస్తకంలో కూడా వెయ్యలేదు. కథకు అడ్డమని అనుకున్నాను."

"చదవండి."

"అమ్మా, ఇది నవల. రాసేవాళ్లు పదిమంది బతుకులు కలిపి ఒక మనిషిని చేస్తారు. దీంట్లో అతనికి పేరు కూడా లేదు. మీరు దీన్ని నమ్మి..."

"మనిషిని కల్పించొచ్చండి. మా అత్త నాకు అన్నం కలిపి పెట్టిన సంగతి లండన్‌లో ఉన్నావిడ ఎట్టా కల్పిద్దీ?"

సంజీవరావు కాగితం ముక్క పెట్టుకున్నచోట పుస్తకం తెరిచాడు. మస్తాన్‌బీ కుర్చీ దగ్గరగా జరుపుకుని రెబ్కా మోకాలి మీద చెయ్యి వేసింది.

అతను చదివిన దాంట్లో చాలావరకు మామూలు సంగతులే. మామయ్య ఆ బూజు కాయల్ని పారెయ్యలేదు. గింజలు దులిపి బూడిదలో కలిపి ఆరబెట్టాడు. లైన్ల వెనక మురుగుకాలవ పక్కన నాటాడు. సగం మొలవలేదు. మొలిచినవి నాలుగేళ్లు కాశాయి. గింజకు గింజ, చెట్టుకు చెట్టు. లైన్లలో అందరికీ పంచేవాడు. తను మాత్రం మొదటి కోతలో ఒక్క కాయే తినేవాడు, అదీ ముచ్చికతో సహా పళ్లెంలో పెట్టుకుని, చాలాసేపు చూసి. పక్కగదిలో ఉండే పిల్లకు, అంటే కథ చెప్పే పిల్లకు, తెలుగు అక్షరాలు నేర్పుతానని పలక కొన్నాడు. నాలుగు అక్షరాలు నేర్పాడు. అంతలో జపానువాళ్లొచ్చారు. సయాం దేశపు అడవిలో రైలుపట్టాలు వెయ్యడానికి లైన్లలో మగవాళ్లను లారీలకెత్తారు. లారీ ఎక్కబోతూ పిల్ల చేతిలో గింజల డబ్బా పెట్టి, నేనొచ్చేదాకా మీ అమ్మను నాటమను అన్నాడు.

సంజీవరావు ఆగాడు. నీళ్లు తాగాడు.

"చదవండి" అంది రెబ్కా.

"లైన్లలోంచి పోయినవాళ్లు నలభై ఒక్కమంది. తిరిగొచ్చింది ఆరుగురు. ఆ ఆరుగురిలో ఒకరు చెప్పారు. వానలు మొదలయ్యాక శిబిరంలో కలరా వచ్చిందని. మామయ్య రెండు రోజులు..." అతను పేజీ మీదనుంచి కళ్లెత్తలేదు. "రెండు రోజులున్నాడని. ముందురోజు దాకా వేరేవాళ్లకు నీళ్లు పోశాడని."

"నెల రాసిందా?"

"రాసింది. జూన్. 1943."

మస్తాన్‌బీ పైటచెంగుతో కళ్లు తుడుచుకుంది. రెబ్కా కళ్లలో నీళ్లు లేవు. సంచీ ముడి విప్పి, రెండో చీర పక్కకు తీసి, అడుగునున్న పౌడరు డబ్బాలోంచి ఒక ఉత్తరం తీసి సంజీవరావుకు ఇచ్చింది. మడతల దగ్గర చిరిగిపోతే అన్నం మెతుకుతో అతికించిన కాగితం. 1939లో రాసింది. అతను పైకి చదవలేదు. రెబ్కాయే కంఠతా చెప్పింది.

"'నువ్వు పెట్టిన మిరపకాయలు చాలా బాగున్నవి. అమ్మ చెడిపోతవన్నది గాని చెడిపోలేదు. ఇంకా అయిపోలేదు.' అట్టా రాశాడండి. మా అత్తకి కూడా చదివించి వినిపించా. చూశావా, నేను తీసినా ఏం కాలేదని ఎగిరా. ఆమె మళ్లీ ఎత్తలేదు ఆ మాట."

సంజీవరావు కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. చాలాసేపు తుడిచాడు.

"ఆ రెండు అధ్యాయాలూ పుస్తకంలో చేరుస్తానమ్మా" అన్నాడు. "అచ్చు ఇంకా పూర్తి కాలేదు. శివపార్వతిగారికి ఉత్తరం కూడా రాస్తాను. అతని పేరు ఆమెకు గుర్తుందేమో అడుగుతాను. మీరేమన్నా చెప్పమంటే రాస్తాను."

రెబ్కా ఆలోచించింది.

"ఆవిడకి తెలుగు చదవడం రాదన్నారుగా. నేను చెప్పింది మీరే ఇంగ్లీషులోకి మార్చాలి. ఈసారి ఏమీ తీసెయ్యమాకండి."

"తియ్యను."

"జక్రయ్య అని రాయండి. దారా జక్రయ్య. ఆయన పక్కన ఆ పిల్ల ఉన్నందుకు నా వందనాలు చెప్పండి. గింజల డబ్బా జాగర్త చేసినందుకు కూడా. అంతే."

*

తిరుగు బస్సు నాగులుప్పలపాడు దాటాక మస్తాన్‌బీ ఇక ఉండలేకపోయింది.

"ముప్పయ్యేళ్లు పక్కపక్కన కూర్చుని కాయలు ఏరాం. నాకొక్క మాట చెప్పలేదు నువ్వు."

"ఏం చెప్పను? అందరూ నవ్వారుగా."

"నవ్విందాంట్లో నేనే ముందు" అంది మస్తాన్‌బీ. కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. కాసేపటికి, "ఆ మంచు ముసలాయన గూడా ఇంతేనేమో" అంది.

"ఎవరు?"

"అదే, జపానాయన. బాధ అని చెప్పకుండా మంచు చూసుకుంటా కూర్చున్నాయన."

రెబ్కా ఆమె వైపు చూసింది. అలసిపోయింది. పెరుగన్నం గిన్నె విప్పనేలేదు. సంచీ ఒళ్లోనే ఉంది. పోయేటప్పుడు ఎంత బరువుందో వచ్చేటప్పుడూ అంతే ఉంది. ఏడ్వాలనిపిస్తే ఏడ్చేదే. ఆ ఏడుపు నలభై ఐదేళ్లుగా ప్రతి పోస్టుమాను అడుగు చప్పుడుకూ కొంచెం కొంచెం ఖర్చయిపోయినట్టుంది, ఇప్పుడు వెతికితే దొరకలేదు. ఊరి మలుపులో బస్సు ఆగినప్పుడు ఎప్పట్లాగే దిగేవాళ్లలో ఒక మొహం కోసం తల తిప్పింది. తిప్పాక గుర్తొచ్చింది.

సోమవారం పత్రికకు కార్డు రాసింది. 'తొమ్మిదో వారం సీరియల్‌లో మిరపకాయల విషయమై నేను రాసింది తప్పు. అనువాదకులు రాసింది ఒప్పు. అలాంటి స్త్రీ ఉంది. వారికి నా క్షమాపణ.' పత్రికవాళ్లు దాన్ని వేశారు. కల్లంలో ఆ కార్డును రెబ్కాయే చదివింది. ఎవరూ నవ్వలేదు. మస్తాన్‌బీ ముందుగానే అందరికీ చెప్పి ఉంచింది. పెద్ద రాశి ముందు కూర్చుని, నిలవకు పోయే కాయల్ని ఒక్కొక్కటే చూసి, ముచ్చిక ఊడకుండా గోనెలోకి వేస్తోంది.

ఈస్టరుకు నాలుగు రోజుల ముందు పాస్టరుగారు వచ్చారు. అడగడానికి ఇబ్బంది పడుతూ గుమ్మంలో నిలబడ్డారు. ఆయన నోరు తెరవకముందే రెబ్కా బైబిల్లోంచి కాగితం తీసి ఇచ్చింది.

"చేర్చండి అయ్యగారూ."

"చనిపోయిన ఏడు కూడా చెప్పాలమ్మా, పుస్తకంలో రాసుకోవాలి."

"రాశాను. చూడండి."

ఆ తెల్లవారుజామున సమాధుల మధ్య కొవ్వొత్తుల వెలుగులో పాస్టరుగారు ఇరవై ఏడు పేర్లు చదివారు. ఇరవై ఆరు పేర్లకు సమాధులున్నాయి. ఇరవై ఏడో పేరు దగ్గర ఎటు తిరగాలో తెలియక రెబ్కా నిలబడ్డచోటే తన కొవ్వొత్తిని నేలమీద పెట్టింది. పక్కన మస్తాన్‌బీ గాలి తగలకుండా చెయ్యి అడ్డం పట్టింది.

1937 ఫిబ్రవరిలో చీరాల స్టేషన్‌లో మద్రాసు రైలెక్కిన దారా జక్రయ్య తిరిగి రాలేదు. 1943 జూన్ నెలలో సయాం అడవిలో కలరాతో చనిపోయాడు.